మేత మేసిన రథం

కనకశిల రాజ్యానికి పడమటి అంచున కాటుకకొండ ఉంది. ఎంత తెల్లటి ఎండైనా దాని మీద పడేసరికి నల్లబడుతుందని అక్కడివాళ్ళ మాట. దాని నెత్తిన మేఘం నిలవదు, నడుమున చెట్టు నిలవదు, పాదాన మనిషి నిలవడు. కొండ చుట్టూ పడివున్న బండరాళ్ళలో కొన్నింటికి ముక్కూ చెవులూ కనిపిస్తాయి. ఒకప్పుడు వాటికి పెళ్ళాం పిల్లలు కూడా ఉండేవారు. శిఖరానికి కాస్త దిగువన రాగిరేకు తాపిన తలుపొకటి, పొద్దు వాలేకొద్దీ ఎర్రగా మండుతూ, ఆమడ దూరానికి కూడా కళ్ళు మిరుమిట్లు గొలుపుతూ ఉంటుంది.

ఆనాటి మధ్యాహ్నం ఆ తలుపు వైపు, రాళ్ళబాట మీద, ఒక రథం పోతూ ఉంది.

రథమనగానే మీ కళ్ళముందు ఏం కదులుతుందో నాకు తెలుసు. బంగారు గొడుగు, పట్టు పతాకం, పాలనురుగులాంటి గుర్రాలు. అవన్నీ చెరిపేయండి. దీనికి ఉన్నవి మూడు చక్రాలు, ముందు ఒకటి చిన్నది, వెనక రెండు పెద్దవి. గుర్రం లేదు, ఎద్దు లేదు, కాడి లేదు. కూర్చునే పలక కింద అడ్డంగా పడుకోబెట్టిన కంచు గొట్టం ఉంది. దాని పక్కన తిరగలిరాయంత బరువైన ఇనుపచక్రం, ఆ చక్రం నుంచి ఇరుసు దాకా ఒక తోలు పట్టీ. గొట్టంలోపల రోకలిలాంటి ఇనుపదిమ్మ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. టుప్పు, టుప్పు, టుప్పు. వెనక నుంచి నల్లటి పొగ, కంపు. ఇది గాలిలో ఎగరదు, నీటి మీద నడవదు. పరుగెత్తే మనిషిని దాటాలన్నా దీనికి కొంత వ్యవధి కావాలి. ఇంత వికారమైన రథాన్ని ఏ రాకుమారుడూ ఎక్కడు. ఎక్కినది రాకుమారుడు కాదు కూడా.

నడుపుతున్నది వకుళ, రథకారుడు కేదారుడి భార్య. ముఖం మీద మసి, ఆ మసిలో చెమట కాలువలు. రాత్రింబగళ్ళు చుక్కాని కర్ర పట్టుకుని ఉండటం వల్ల వేళ్ళు మడతపడిపోయాయి, విప్పుదామన్నా విప్పుకోవు. వెనక పలక మీద బుట్టలూ తిత్తుల మధ్య ఇరుక్కుని కూర్చున్నవాడు కొమ్మన, రాజుగారి గుర్రపుశాలలో పుట్టి అక్కడే నెరిసిన ముసలివాడు. గుర్రం లేని రథం మీద గుర్రాల కాపరికేం పనంటారా? రాజుగారు పంపారు. రథం అన్నాక గుర్రాలవాడు వెంట ఉండాలి కదా అని రాజుగారి ఆలోచన. రాజులు ఆలోచించేటప్పుడు అడ్డం చెప్పేవాళ్ళు ఉండరు.

ఇంతకీ ఈ ప్రయాణం ఎందుకొచ్చిందంటే, తామ్రజిహ్వుడి వల్ల. కాటుకకొండ మాంత్రికుడు అతడు. నోట్లో నాలుక ఉండాల్సినచోట రాగినాలుక ఉంటుంది. రాజ్యంలో సగం తనకివ్వమన్నాడు, రాజు ఇవ్వనన్నాడు. "అయితే ఈ నేల మీద ఊపిరి ఉన్నదేదీ చక్రం తిప్పకూడదు" అని ఆ రాగినాలుకతో ఒక్క మాట అన్నాడు.

అంతే. బండి లాగుతున్న ఎద్దులు ఆవులించి, నాలుగడుగులు వేసి, కాడి కిందే నిలబడి నిద్రపోయాయి. గుర్రాలూ అంతే. కుమ్మరి సారె దగ్గర తూలిపోయాడు. రాట్నం ముందు కూర్చున్న ముసలమ్మ వడికిన దారం చేతిలో ఉండగానే గురకపెట్టింది. బావి గిలకా చక్రమే కాబట్టి నీళ్ళు తోడేవాళ్ళు గట్టున ఒరిగారు. అలా నిద్రపోయినవాళ్ళు మళ్ళీ లేవలేదు, చావలేదు. మిగిలినవాళ్ళు ధాన్యం నెత్తిన పెట్టుకుని నడిచారు, నీళ్ళు నెత్తిన పెట్టుకుని నడిచారు, ముసలి తల్లిదండ్రులను వీపున వేసుకుని నడిచారు. రాజ్యమంతా మోసి మోసి మెడలు పడిపోయి, ఎవరూ ఎవరితోనూ మాట్లాడే ఓపిక లేక, పొద్దుగూకగానే ఎక్కడివాళ్ళక్కడ కూలబడుతున్నారు.

అప్పుడు కేదారుడు మసిబుగ్గ దగ్గర రాళ్ళలోంచి ఊరే నల్లనూనె తెచ్చి, అత్తరు కాచేవాళ్ళ బట్టీలో పెట్టి ఆవిరి పట్టాడు. నీళ్ళలా తేటగా ఒక నూనె దిగింది. దీపం దూరంగా ఉన్నా ఎగిరిపడి అంటుకునే నూనె. దాన్ని చుక్కచుక్కగా గొట్టంలోకి వదిలి, ఎర్రగా కాలిన రాగికడ్డీ తాకించి, లోపలే పేల్చి, ఆ పేలుడు చేత చక్రం తిప్పించాడు. కనుబొమలు మొలవడం, కాలడం, మళ్ళీ మొలవడం జరిగాక, రథం కదిలింది. కొలిమితిత్తి ఊదినదీ, గొట్టం పట్టుకున్నదీ, కాలినచోట వెన్న రాసినదీ వకుళ. అందుకే దాని గుట్టు ఆయన తర్వాత ఆమెకే తెలుసు.

కేదారుడు ఊరుకోలేదు. కాటుకకొండ ఎక్కి మాంత్రికుడి ముఖాన, "ఊపిరి లేకుండా చక్రం తిప్పించాను" అన్నాడు. తామ్రజిహ్వుడు నవ్వి, "మూడోనాటి పొద్దు కుంగేలోగా అది నా తలుపు తాకితే నా మాట వెనక్కి తీసుకుంటాను. అందాకా నువ్విక్కడే ఉండు" అని అతడి పాదాలను రాయి చేశాడు. ఆ రాయి గంటగంటకూ పైకి పాకుతుంది. పొద్దు కుంగేసరికి నడినెత్తికి చేరుతుంది. ఆ కబురు అందగానే వకుళ రథం ఎక్కింది. ఇది ఆ మూడోరోజు.

"తాతా, నిద్రపోతున్నావా?" అంది వకుళ వెనక్కి తిరగకుండా.

"నిద్రెక్కడమ్మా! ఈ కుదుపులకు ఉన్న నాలుగు పళ్ళూ ఊడిపోతాయేమోనని చేత్తో పట్టుకు కూర్చున్నా" అన్నాడు కొమ్మన. "అమ్మాయీ, పైన చూడు."

ఎండలో ఏదో తళుక్కుమంది. కొండ వైపు నుంచి రాగిగద్దలు బారులు తీరి వస్తున్నాయి. రెక్కలు కొట్టుకుంటుంటే గిన్నెలు దొర్లినట్టు మోత. అవి మనుషుల జోలికి రాలేదు. తిన్నగా రథం పక్కన వేలాడే నీళ్ళతిత్తి మీద వాలాయి. వాటికి ఎవరు చెప్పారో గానీ బాగానే చెప్పారు. కంచుగొట్టం చుట్టూ నీళ్ళు ఉండాలి. నీళ్ళు లేకపోతే గొట్టం కాలి, లోపలి దిమ్మ పట్టేసి, రథం పనికిరాకుండా పోతుంది.

"చెర్నాకోలకు గుడ్డ చుట్టు!" అని అరిచింది వకుళ. "నూనెలో ముంచు! దీపం చూపించు!"

రాగికడ్డీ కింద ఎప్పుడూ వెలుగుతుండే చిన్న దీపానికి కొమ్మన గుడ్డ తాకించాడు. భగ్గుమంది. ముసలివాడు రథం మీద లేచి నిలబడి, తలపాగా జారిపోతున్నా చూసుకోకుండా, ఆ మంటల కొరడాను నెత్తి చుట్టూ తిప్పాడు. గద్దల రెక్కలు కరిగి చుక్కలు చుక్కలుగా బాట మీద రాలాయి. ఒకటి కొమ్మన భుజం చీల్చుకుని పోయింది. ఇంకొకటి వకుళ జడ పట్టుకుంది. ఆమె చుక్కాని వదలకుండా తల విదిల్చింది, గుప్పెడు వెంట్రుకలు దానికిచ్చి వదిలించుకుంది. రథం రాళ్ళ మీద ఎగిరెగిరి పడుతూ పోయింది. చివరికి గద్దలు చెదిరిపోయాయి. నీళ్ళతిత్తి మాత్రం ఈనెలు తేలిన ఆకులా మిగిలింది. గొట్టం చుట్టూ ఉన్న నీళ్ళు అప్పటికే సలసల కాగుతున్నాయి.

"ఆపక తప్పదు" అంది వకుళ. ఆ మాట అనడానికే ఆమెకు ఓపిక చాలలేదు.

రథం ఆపడం అంత తేలిక కాదు. ఆపాక కదిలించాలంటే ఇనుపచక్రాన్ని ముందు ఎవరో ఒకరు తిప్పాలి. తిప్పిన చేతికి ఊపిరి ఉంటుంది, ఊపిరి ఉన్నదానికి నిద్ర ముంచుకొస్తుంది. అందుకని ఆగితే ఏ దిబ్బ నెత్తినో ఆగాలి. చక్రం కింద రాయి పెట్టాలి. బయలుదేరేటప్పుడు రాయి తీస్తే వాలే రథాన్ని దొర్లిస్తుంది, దొర్లే రథం ఇనుపచక్రాన్ని తిప్పుతుంది, టుప్పు టుప్పుమని మొదలవుతుంది. వాలుకు ఊపిరి లేదు కదా. ఇది వకుళ కనిపెట్టిన ఉపాయం. కేదారుడికి కూడా తట్టలేదు.

దిన్నె మీద దిగుడుబావి కనబడింది. అక్కడ ఆపి, రాయి పెట్టి, వకుళ కుండ తీసుకుని మెట్లు దిగింది. బావి లోతు, నీళ్ళు అడుగున. ఒక కుండ తెచ్చి పోస్తే గొట్టం బుస్సుమని తాగేసింది. మళ్ళీ దిగింది, మళ్ళీ ఎక్కింది. ఇంకోసారి దిగినప్పుడు, ఒక్క క్షణం కూర్చుందామనుకుని చల్లటి మెట్టు మీద కూర్చుంది. గోడకు తల ఆనింది. కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

పైన కొమ్మన భుజానికి గుడ్డ కట్టుకుని మూట విప్పాడు. అందులో ఉడికించిన ఉలవలూ, ఒక సొరబుర్రలో ఉలవకట్టూ ఉన్నాయి. గుర్రపుశాలలో పుట్టినవాడికి అదే తిండి, అదే అలవాటు. ముద్ద నోటి దగ్గరికి పోనిస్తుండగా, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒక ముసలిది వచ్చింది. ఎండకో ఏమో, కొంగు నోటికి అడ్డంగా కట్టుకుంది.

"ఏమయ్యా పెద్దాయనా, సాహిణిలా ఉన్నావే?" అంది.

"అవును. మూడు తరాలుగా గుర్రాలు సాకేవాళ్ళం" అన్నాడు కొమ్మన, కాస్త గర్వంగానే.

"మరి నీ జీవం అక్కడ చెమటలు కక్కుతుంటే, దానికి పెట్టకుండా నువ్వు తింటున్నావే! మా ఊళ్ళో సాహిణులు అలా తినరు."

కొమ్మనకు చెంప మీద కొట్టినట్టయింది. నిజమే. గుర్రం తినక ముందు అతడు తన జన్మలో ముద్ద ముట్టలేదు. తండ్రి ముట్టలేదు, తాత ముట్టలేదు.

"అది జీవం కాదమ్మా" అన్నాడు. "ఏదో నూనె... యంత్రం అంటారు."

"జీవం కాదా? చూడు, గాలి పీల్చి వదలడం లేదూ? ఒళ్ళు కాలిపోతోందా లేదా? దాహమేస్తే కుండలకు కుండలు తాగిందా లేదా? నోరులేని దాని ఉసురు పోసుకోకు నాయనా. ఇంతకీ దాని పేరేమిటి?"

పేరు లేదని చెబితే ఎంత బాగుండేది! కానీ గుర్రం పేరు ఎవరడిగినా అతడి నోట ఎప్పుడూ వచ్చే పేరు ఒకటే. రాజుగారి శాలలో ఇప్పుడు నిలబడి నిద్రపోతున్న చుక్కబొట్టు గుర్రం పేరు. తల్లి చచ్చిపోతే అతడు చేతులతో పాలు పట్టి పెంచిన గుర్రం.

"కస్తూరి" అన్నాడు.

అనగానే అతడికి మనసు మెత్తబడింది. సాహిణుల ఆచారం ఒకటుంది. కొత్త గుర్రానికి తొలిముద్ద పెట్టేటప్పుడు నుదుటి మీద అరచెయ్యి వేసి, చెవిలో పేరు చెప్పి, అప్పుడు నోటికి అందిస్తారు. ఆనాటి నుంచి అది వాళ్ళ ఇంటి జీవం. కొమ్మన లేచాడు. వేడెక్కిన కంచు మీద అరచెయ్యి కాలుతున్నా వేశాడు. "కస్తూరీ, తల్లీ, అలిసిపోయావు" అన్నాడు నెమ్మదిగా. నూనె పోసే బుడ్డి మూత తీసి, తన పూటకున్న ఉలవకట్టు అంతా అందులోకి వంచాడు. ఒక్క చుక్క తనకు ఉంచుకోలేదు.

గడ్డిదానికి నవ్వొచ్చింది. కొంగు జారింది. లోపల ఏదో ఎర్రగా తళుక్కుమంది. కొమ్మన కళ్ళు మసకలు, పైగా ఆ సమయంలో అతడు చూస్తున్నది రథాన్ని.

వకుళ ఉలిక్కిపడి లేచి కుండతో పరుగెత్తుకు వచ్చేసరికి బావి దగ్గర గడ్డిమోపు మాత్రం ఉంది. పొద్దు బాగా వాలింది. తనమీద తనకే ఒళ్ళు మండింది. మొగుడు నిలువునా రాయైపోతుంటే తను మెట్టు మీద నిద్రపోయింది!

"లేపలేదేం తాతా?"

"నువ్వూ మనిషివేగా అమ్మా" అన్నాడు కొమ్మన. ముఖం ఏదో తృప్తిగా ఉంది. ఎందుకని అడిగే తీరిక ఆమెకు లేదు.

రాయి తీశారు. రథం దొర్లింది. టుప్పు, టుప్పు, టుప్పు. అందరికీ తెలిసిన సంగతే, నూనె పైన తేలుతుంది, నీళ్ళు అడుగున చేరతాయి. దారి కుదుపులకు రెండూ కలిసి తిరిగి, ఉలవకట్టు బుడ్డి అడుగుకు దిగి, సన్నటి గొట్టంలోకి పాకడానికి కొంత సమయం పట్టింది. ఆ కొంత సమయంలో రథం దిన్నె దిగింది, ఎండిన వాగు దాటింది, ముక్కూ చెవులూ ఉన్న బండరాళ్ళ మధ్యకు వచ్చింది. సరిగ్గా కాటుకకొండ పాదాన, అరచేతిలా చదునుగా ఉన్న చోట, టుప్పు అని, ఒక క్షణం ఆలోచించి, ఇంకో టుప్పు అని ఆగిపోయింది.

వకుళ దిగి ఆ సన్నటి గొట్టం విప్పింది. నోటితో పీల్చి ఉమ్మింది. నూనె చేదుకు బదులు ఏదో ఉప్పగా, చిక్కగా తగిలింది. అరచేతిలో వేసుకుని చూసింది.

"తాతా, ఇదేంటి?"

"మేత" అన్నాడు కొమ్మన, చిన్నగా.

ఆమెకు అరవాలనిపించింది. నేల మీద పడి దొర్లి ఏడవాలనిపించింది. రెంటికీ శక్తి లేక, ముసలివాడి ముఖంలోకి చూసి, నవ్వింది. నవ్వుతుంటే కన్నీళ్ళు కారాయి.

"నీకేమీ ఉంచుకోకుండా అంతా పోసేశావా?"

"గుర్రం తినకుండా నేనెట్లా తింటానమ్మా?"

ఆమె బుడ్డి అడుగు మర విప్పి, ఉలవకట్టు పోయేదాకా వదిలి, తేటనూనె రాగానే బిగించింది. గొట్టం ఊది, తుడిచి, మళ్ళీ తగిలించింది. ఇందాక ఆర్పిన దీపం మళ్ళీ వెలిగించింది. పని చేయాలి. అంతా సరిగానే ఉంది. అప్పుడు కంచుగొట్టంలోంచి ఒక చప్పుడు వచ్చింది. పేలుడు కాదు, బుస కాదు. నెమ్మదిగా, పొడుగ్గా, గాలి లోపలికి పోయి బయటికి వచ్చింది.

రథం ఆవులించింది.

"విన్నారా?" అని ఎవరో అన్నారు.

బండ మీద తామ్రజిహ్వుడు కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద ఇంకా గడ్డిదాని కోకే. కళ్ళ కింద నల్లటి సంచులు. భయంకరమైన మాంత్రికుణ్ణి చూడబోతున్నామని మీరనుకుంటే క్షమించండి, అతడూ అలిసిపోయి ఉన్నాడు. ఇంతమంది నిద్రను పట్టుకుని ఉన్నవాడికి తన నిద్ర ఎక్కడిది?

"గాలి పీల్చేది ఎలాగూ పీలుస్తోంది" అన్నాడు రాగినాలుక టింగుమంటుండగా. "మేత మేసింది. పేరు పెట్టించుకుంది. ఇంకేం కావాలి ప్రాణికి? నేను దాన్ని ముట్టుకోలేదు సుమా. మీరే దాన్ని జీవాన్ని చేసి నాకు అప్పగించారు. ఇక పొద్దు పని పొద్దు చేస్తుంది. నాకు కూర్చోవడమే."

పైన రాగి తలుపు నిప్పులా ఉంది. దాని పక్కన ఒక మనిషి ఆకారం, గుండెల దాకా బూడిదరంగు. వకుళ ఆ వైపు చూసి, చూపు తిప్పుకుంది. చూస్తూ ఉంటే చేతులు ఆడవు.

కొమ్మన రథం నుదుటి ముందుకు, అంటే అతడు నుదురనుకున్న చోటికి, వచ్చి నిలబడ్డాడు.

"పెట్టిన పేరు దింపొచ్చు" అన్నాడు. "గుర్రం చచ్చినప్పుడు దింపుతాం. లేదా పగవాడి చేతికి పోయినప్పుడు."

"దింపితే?"

"అది ఇక మాది కాదు. దాని ముఖం మళ్ళీ చూడకూడదు. ఆ పేరు మళ్ళీ నోట పలకకూడదు." అతడు ఊరి దిక్కుకు చూశాడు. "నాకు ఆ పేరుతో ఒకటి శాలలో ఉందమ్మా. లేచిందంటే ముందు నా పిలుపు కోసమే చెవులు నిక్కిస్తుంది. ఏమని పిలవను?"

వకుళకు చెయ్యమని చెప్పడానికి నోరు రాలేదు, వద్దనడానికీ రాలేదు. ముసలివాడు ఆమె కోసం ఆగలేదు. అరచెయ్యి కంచు మీద ఆనించాడు. "కస్తూరీ, నీకు నేనెవరినీ కాను. నాకు నువ్వేమీ కావు. నీ పేరు దించాను" అన్నాడు. తొలిముద్ద పెట్టినప్పుడు కాలిన చెయ్యి అదే. చెయ్యి తీసి, వెనక్కి తిరిగి, రథానికి వీపు పెట్టాడు.

కంచుగొట్టం చల్లబడ్డ గిన్నెలా టిక్కుమంది. ఆవులింత ఆగిపోయింది. తామ్రజిహ్వుడు బండ మీద నిటారుగా కూర్చున్నాడు.

"మంచిది. ఇప్పుడు వట్టి ఇనుము" అన్నాడు. "ఎలా కదిలిస్తారు? ఇక్కడ వాలు లేదే!"

నిజమే. కొంచెం దూరాన బాట ఒక పల్లంలోకి దిగి, అవతల కొండ ఎక్కుతోంది. ఆ పల్లం దాకా చదును. తోసినవాడు నిద్రపోతాడు.

"నేను తోస్తాను తాతా, నువ్వు ఎక్కు" అంది వకుళ.

"నువ్వు పడుకుంటే నడిపేదెవరు? నేనా? మళ్ళీ దానికి మేత పెడతాను." ముసలివాడు నవ్వాడు. "ఎద్దుకి నాలుగడుగులు పట్టింది నిద్రపోవడానికి. నేను ఎద్దుకన్నా మొండివాణ్ణి. ఎక్కు అమ్మా. పొద్దు చూడు."

"మేలుకోకపోతే?"

"నువ్వు ఆ తలుపు తాకితే మేలుకుంటాను. తాకు."

అతడు రథం ముఖం చూడకూడదు కాబట్టి, వెనక్కి వెళ్ళి, రథానికి వీపు ఆనించి, మడమలు నేలలోకి గుచ్చి తోశాడు. ఇనుము కదిలింది. ఒకడుగు. కొమ్మన ఆవులించాడు. ఇంకో అడుగు. "గుర్రానికి వీపు చూపించి తోసిన సాహిణి లోకంలో నేనొక్కణ్ణే" అని ఏదో గొణిగాడు. మాట ముద్దయింది. మోకాళ్ళు బరువెక్కాయి. అయినా తోశాడు, నిద్రలో మనిషి దుప్పటి లాక్కున్నట్టు, ఏమీ తెలియకుండానే తోశాడు. ముందుచక్రం పల్లం అంచు దాటి కిందికి వాలింది. రథం అతడి వీపు నుంచి జారిపోయింది. అతడు పడలేదు. అలాగే, ఏమీ లేనిదాని మీద ఆనుకున్నట్టు, వంగి నిలబడి నిద్రపోయాడు.

టుప్పు.

వకుళ వెనక్కి చూడలేదు. చూస్తే దిగిపోతుందని ఆమెకు తెలుసు.

టుప్పు, టుప్పు, టుప్పు. పల్లం దిగిన ఊపులోనే రథం కొండ బాట ఎక్కింది. వెనక తామ్రజిహ్వుడు కోక జారిపోతుండగా లేచి, రాగినాలుక చాచి ఏదో అన్నాడు. ముక్కూ చెవులూ ఉన్న బండలు కదిలాయి. ఒకటి బాటకు అడ్డంగా దొర్లింది. వకుళ చుక్కాని ఒంటి బరువంతా వేసి తిప్పింది, వెనకచక్రం అంచు మీద గాలిలో తిరిగి, మళ్ళీ నేలను పట్టింది. రెండోది పొగగొట్టాన్ని విరగ్గొట్టుకుని పోయింది. మూడోది దొర్లబోయి, ఆమె ముఖం చూసి, ఎందుకో ఆగిపోయింది. ఒకప్పుడు అదీ ఎవరికోసమో కొండెక్కి ఉంటుంది.

బాట నిటారుగా లేచింది. రథం నడక మందగించింది. చప్పుడు తడబడింది. టుప్పు, టుప్పు... టుప్పు, టుప్పు... మధ్యలో ఒక ఖాళీ. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా రథం వెనక్కి జారబోతున్నట్టు ఒణికింది. పడమట పొద్దు గోటి అంచంత మిగిలింది. మలుపు తిరిగేసరికి తలుపు, తలుపు పక్కన కేదారుడు. రాయి మెడ దాటి గడ్డం మీదికి వచ్చింది. చేతులు రాయి, భుజాలు రాయి. చెవులు మాత్రం ఇంకా మనిషివే. అతడు తల వంచలేడు. కళ్ళు మూసుకుని వింటున్నాడు.

కళ్ళు తెరుస్తాడనుకుంది వకుళ. వచ్చావా అంటాడనుకుంది. ఎంత నలిగిపోయావే అంటాడేమో కూడా అనుకుంది.

"మూడో దెబ్బ తప్పుతోంది వకుళా" అన్నాడు కేదారుడు. "నూనె ఎక్కువ పోతోంది. మర కొంచెం బిగించు."

ఆ మాట పూర్తయ్యీ కాకముందే రాయి పెదవులను మూసేసింది.

ఆమె మర బిగించింది. ఖాళీ పోయింది. టుప్పు, టుప్పు, టుప్పు. వెనక మాంత్రికుడి అడుగులు దగ్గరవుతున్నాయి. తలుపు ఇంకా రాతివేటు దూరంలో ఉంది. రాయి ముక్కు దాకా వచ్చినవాడి కళ్ళు తెరుచుకున్నాయి. అవి ఆమెను చూడటం లేదు. సరిగ్గా తిరుగుతోందా లేదా అని చక్రాన్ని చూస్తున్నాయి.

"ఇంటికి పద, నీ సంగతి చెబుతా" అంది వకుళ, చుక్కాని తలుపు వైపు తిప్పుతూ.